నల్లమల మీద నేను రాసిన వార్త

2022 ఎండాకాలం. మార్కాపురం బస్టాండు దగ్గర ఒక మేడమీద గది తీసుకుని, ఆన్‌లైన్ ఆటల మీద తెలుగులో వార్తలు, అభిప్రాయాలు రాసే వెబ్‌సైటు నడుపుతున్నాను. రాసేదీ, దిద్దేదీ, ప్రచురించేదీ నేనే. ఆటల మీద వార్తలేమిటని నన్ను అడగనివాళ్లు లేరు. ఇవి ఒక పూటలో ముగిసే ఆటలు కావు. వేలమంది ఒకే లోకంలో చేరి, తలా ఒక పాత్ర ధరించి, ఏళ్ల తరబడి ఆడతారు. మనుషులు అన్నేళ్లు కలిసి ఉన్నచోట స్నేహాలూ తగాదాలూ పుడతాయి. అవి పుట్టినచోట వార్తలూ ఉంటాయి. ఆ వార్తలు నాకన్నా ముందు ఎవరూ ఇవ్వలేరని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఇలాంటి ఆటల్లో కొందరు కలిసి కట్టుకునే జట్టును గిల్డ్ అంటారు. నలభైమంది తెలుగువాళ్లున్న ఒక గిల్డ్ నాయకుడు, ఆటలో అతని పేరు ‘సేనాని’, ఒకరోజు నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. మూడు నెలలు అందరూ కలిసి పోరాడి సంపాదించిన మంత్రదండం ఉమ్మడి పెట్టెలోంచి మాయమైంది. పెట్టెలోంచి ఎవరు ఏం తీశారో, ఏం పెట్టారో ఆటే రాసి ఉంచుతుంది. దాన్ని లాగ్ అంటారు. ఆ బొమ్మలో ఒకే లైను ఉంది: దండాన్ని ‘నల్లమల’ తీసినట్టు.

నల్లమల ఆ గిల్డ్‌లో హీలర్, అంటే పోరులో పడిపోయినవాళ్లకు ప్రాణం పోసే పాత్ర. నేను గంటలో వార్త పెట్టేశాను: ‘నమ్మినవాళ్లను ముంచిన నల్లమల.’ ఆ నెలలో జనం ఎక్కువగా చదివింది అదే. నల్లమలను గిల్డ్ నుంచి వెలేశారు. వేరే గిల్డులూ చేర్చుకోలేదు. నల్లమల పేరుతో నాకు రెండు మెయిళ్లు వచ్చాయి. దొరికినవాళ్లంతా చెప్పే సాకులే అనుకుని వాటిని తెరవలేదు.

నాలుగు వారాలు కావస్తుండగా ఒక ఉదయం నలభై అయిదేళ్ల ఆవిడ మెట్లెక్కి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, ముఖాన చెమట.

“ఆటల వార్తలు రాసేది నువ్వేనా తమ్ముడూ?”

“నేనేనక్కా. కూర్చోండి. ఏం పని?”

“గిద్దలూరు నుంచి రైల్లో వచ్చినా. నల్లమల అంటే నేనే.”

నల్లమల అంటే ఏ ఇరవయ్యేళ్ల కుర్రాడో అనుకున్నాను. ఆవిడకు గిద్దలూరు బజారులో స్టీలు సామాను దుకాణం ఉందట.

“దొంగ అని రాసేముందు పోలీసోళ్లు గూడా ఒక మాట అడుగుతారు. నువ్వెందుకు అడగలేదు?”

“స్క్రీన్‌షాట్ ఉంది కదక్కా...”

“ఒక లైను చూసినావు. దాని కిందేముందో చూసినావా? దండం అరిగిపోతే బాగు చేయించేది నేనే. తీసినా, బాగు చేయించినా, మళ్లీ పెట్టెలోనే పెట్టినా. నన్ను వెళ్లగొట్టినాక ఆ లాగ్ నాకు కనపడదు. అది ముప్పై రోజులే ఉంటాది. ఇంక రెండు రోజులైతే నా మాటకు సాక్ష్యమే లేదు.”

“మిగతావాళ్లు లాగ్ తెరిచి చూడలేదా?”

“ఎందుకు చూస్తారు? నీ వార్త చూసినారు గదా. సరిపాయె.”

ఆ మాట నాకు సూటిగా తగిలింది. గిల్డ్‌లో ఉన్నవాళ్లలో నమ్మదగినవాళ్లు ఎవరని అడిగాను. దోర్నాలలో రోడ్డు పక్కన హోటలు నడిపే మస్తాన్ పేరు చెప్పింది. వీడియో కాల్ చేశాను. వెనక శ్రీశైలం వెళ్లే యాత్రికుల సందడి. లాగ్ తెరిచి చూపించమంటే అతను ఒప్పుకోలేదు.

“నాకెందుకన్నా ఈ తలనొప్పి? సేనానికి తెలిస్తే నన్ను గూడా తీసేస్తాడు.”

ఆవిడ ఫోను నా చేతిలోంచి తీసుకుంది. “ఏం మస్తానూ, ఎన్నిసార్లు పడిపోయినావు, ఎన్నిసార్లు లేపినాను? ఒక్కరోజన్నా నాకెందుకులే అన్నానా?”

మస్తాన్ ఫోను పట్టుకుని సందడికి దూరంగా వచ్చాడు. “ఉండక్కా, తెరుస్తా” అన్నాడు.

లాగ్ మొత్తం అతను చూపిస్తుంటే రికార్డు చేశాను. నల్లమల దండం తీసింది. కాసేపటికి తిరిగి పెట్టింది. మర్నాడు దాన్ని తీసినవాడు సేనాని.

ఈసారి తొందరపడలేదు. సేనానికి ఫోన్ చేసి వివరణ అడిగాను. మొదట బుకాయించాడు. రికార్డు ఉందన్నాక గొంతు తగ్గించాడు. “ఆమె పెత్తనం ఎక్కువైపోయినాదన్నా. అందరూ ఆమె మాటే వింటున్నారు. నాయకుడు నేనా, ఆమెనా?” అన్నాడు.

సవరణ రాయడానికి కూర్చున్నాను. అసలు పేరు వేయమంటారా అని అడిగితే ఆవిడ వద్దంది.

“ఊళ్లో నేను ఫలానావాళ్ల కోడల్ని, ఫలానా ఆయన భార్యని. నా పేరు నేనే పెట్టుకున్నది అక్కడొక్కచోటే. నువ్వు చెడగొట్టింది ఆ పేరు. దాన్నే బాగు చెయ్యి.”

సవరణను పాత వార్త ఉన్నచోటే, అంతే పెద్ద అక్షరాలతో పెట్టాను. దాన్ని చదివినవాళ్లు తక్కువే. కానీ గిల్డ్‌లోవాళ్లు చదివారు. సేనానిని దించేసి, నల్లమలను నాయకత్వం తీసుకోమన్నారు. ఆవిడ తిరిగి చేరింది గానీ నాయకత్వం ఒప్పుకోలేదు. హీలర్‌గానే ఉంటానంది.

ఆ రోజు నుంచి ఎవరి మీద ఆరోపణ వచ్చినా, వాళ్లతో మాట్లాడకుండా ఒక్క అక్షరం ప్రచురించలేదు. దానివల్ల నాకన్నా ముందు వేరేవాళ్లు వార్త ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇవ్వనీ. నా వార్తను మళ్లీ సరిచూసుకోవలసిన అవసరం పాఠకుడికి లేదు. ఆ ధీమాతోనే ఇవాళ్టికీ రాస్తున్నాను.

ఆ రోజు ఆ సవరణను ప్రచురించే ముందు ఆవిడకు చదివి వినిపించాను. ‘మా పొరపాటుకు చింతిస్తున్నాం’ అని రాశాను. ఆవిడ అక్కడ ఆపింది.

“పొరపాటు అంటే చెయ్యి జారేది. నువ్వు అడగనే లేదు. తప్పు అని రాయి తమ్ముడూ.”

అలాగే రాశాను.