కోపం నేర్చుకున్న పిల్ల

మొన్న నల్లగొండ బజారులో గాజుల దుకాణం ముందు ఒక చిన్నపిల్ల నేలమీద పడి పొర్లి పొర్లి ఏడుస్తుంటే, వాళ్లమ్మ సిగ్గుతో అటూ ఇటూ చూస్తుంటే, నేను కూరగాయల సంచి పట్టుకొని ఆ ఏడుపు వింటూ నవ్వుముఖంతో నిలబడిపోయాను. పక్కనున్న ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. చూడదా మరి! మన ఈడు వాళ్లం పిల్లలు మంకుపట్టు పడితే వీపు మీద రెండు తగిలించి పెంచినవాళ్లం, ఏడ్వని పిల్లే బుద్ధిమంతురాలని నమ్మినవాళ్లం. మా ఇంటికి ఒక పిల్ల వచ్చేదాకా నేనూ అదే నమ్మాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో, మా పిల్లలు ఎవరి సంసారాలు వాళ్లు చూసుకుంటూ, పానగల్‌లో మేమిద్దరం, మా అత్తమ్మ, ఇంత బత్తాయి తోట, రెండు బర్రెలతో రోజులు గడుపుతున్నప్పుడు, పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు వాళ్లు ఒక ఆరేళ్ల ఆడపిల్లను కొన్నాళ్లు సాకుతారా అని అడిగించారు. దత్తతకు కాదు, దవాఖానలో ఉన్న తల్లి కోలుకునేదాకా. ఆ తల్లిది అచ్చంపేట దిక్కు; మొగుడు పోయాక పత్తి ఏరే కూలికి ఇటు వచ్చి, టీబీ పట్టి మంచాన పడింది. కడుపుకింత పెట్టడం, తల దువ్వడం, బడికి పంపడం, ఇంతే కదా సాకడమంటే అనుకొని సరేనన్నాం.

పిల్ల బంగారం. పెట్టింది తినేది, కూర్చోమంటే కూర్చునేది, జ్వరమొచ్చినా చెప్పేది కాదు, ఒంటి మీద చెయ్యి పడితే మాకే తెలిసేది. ఇసొంటి పిల్ల ఏడు జన్మలకు దొరకదని మా అత్తమ్మ వాడంతా చెప్పుకొచ్చింది. ఒకటే లోటు, నన్ను ఏ వరుసా పెట్టి పిలిచేది కాదు. మన ఊళ్లలో గాజులమ్మే మనిషికైనా ఏదో ఒక వరుస కలుపుతాం కదా. ఈ పిల్ల మాత్రం వాకిట్లోకి ఎవరైనా వచ్చారని చెప్పాలంటే, పాతకాలపు ఆడవాళ్లు మొగుణ్ణి పిలిచినట్టు నన్ను ‘ఇగో’ అనేది. "నీకు గూడ ఒక పెండ్లాం దొరికిందే" అని మా ఇంటాయన ఒకటే నవ్వు.

శనివారం శనివారం పిల్లను నల్లగొండలో కౌన్సెలర్ మేడం దగ్గరికి తీసుకురమ్మన్నారు. సూదో గోలీయో ఇస్తారనుకొని పోతే అక్కడ ఒక చాప, ఇసుక పోసిన పళ్లెం, గుడ్డబొమ్మలు, రంగు పెన్సిళ్లు. పిల్ల బొమ్మను ఇసుకలో పూడ్చడం, మళ్లీ తియ్యడం, మేడం పక్కన కూర్చొని పూడ్చావు, తీశావు అని మెల్లగా చెబుతుండడం. మా ఇంటి ముందర ఇసుకకు కరువా, దీనికోసం పని మానుకొని ఆటో ఎక్కాలా అని నేను లోలోపల సణుక్కున్నాను. కొన్ని వారాలయ్యాక మమ్మల్నీ చాప మీద కూర్చోబెట్టి, పిల్ల చెప్పినట్టు మీరు ఆడాలి తప్ప మీరు చెప్పకూడదంది. కన్నపిల్లలతో ఒక్కనాడూ ఆడి ఎరుగని మా ఇంటాయన దూడ వేషం కట్టి అంబా అని అరిస్తే, ఆ అరుపు బర్రెదూడ అరుపని తప్పుపట్టి పిల్ల మొదటిసారి పళ్లు కనబడేలా నవ్వింది.

ఆ రోజే మేడం నన్ను పక్కకు పిలిచి, ఈ పిల్ల బుద్ధిగా ఉన్నది బుద్ధి వల్ల కాదమ్మా, భయం వల్ల అంది. తండ్రి పోయాడు, తల్లి కనబడకుండా పోయింది, తాను ఏదైనా అడిగితే మీరూ పోతారని ఆ చిన్న మనసుకు భయం. ఎప్పుడైనా కోపం చేస్తే కొట్టవద్దు, వదిలేసి లేచి పోవద్దు, పక్కనే ఉండండి అని చెప్పింది. ఇంతోటి పిల్లకు అంత ఆలోచనా అనుకున్నాను గానీ మాట మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

ఎండలు ముదరకముందు ఒక పొద్దున, జొన్నరొట్టె మాడిందనో ఏమో, పిల్ల కంచం విసిరికొట్టింది. "పో పెద్దమ్మా, నాకు నీ రొట్టె వద్దు, మా అమ్మ కావాలె!" అని నట్టింట్లో పడి పొర్లి ఏడ్చింది. అత్తమ్మ దిష్టి తగిలిందని ఎండుమిరపకాయల కోసం లేచింది. నేను ఆ రొట్టె ముక్కల మధ్యనే పిల్ల పక్కన కూర్చొని నేనూ ఏడ్చాను. అమ్మా అని పిలిపించుకోవాలన్న ఆశ నాకు లేదంటే అబద్ధమవుతుంది. అయినా ఆ పిల్ల తన అమ్మను అమ్మగానే ఉంచుకొని, నన్ను ఆ అమ్మకు అక్కను చేసింది, అంతకంటే ఏం కావాలి? ఇక అప్పటినుంచి అడగడాలు, అలగడాలు, నా కొంగు పట్టుకొని తిరగడాలు, ఇల్లంతా గోలే గోల.

ఏడాది తిరిగేసరికి తల్లి కోలుకొని, బక్కచిక్కిన మనిషి, బిడ్డ కోసం వచ్చింది. బిడ్డ నన్ను పిలిచే వరుస విని తానూ అక్కా అంది. ఇంటికి పోయాక కూడా తల్లీబిడ్డలిద్దరూ కొన్నాళ్లు ఇట్లా చాప మీద కూర్చోవాలి, ఇది మధ్యలో ఆపకూడదని మేడం మరీ మరీ చెప్పింది. చెప్పడం తేలికే. వాళ్ల ఊరి దగ్గర్లో అటువంటి మేడమెవరూ లేరు, దూరం పోదామంటే ఆ పూట కూలి పోతుంది, నేనిక్కడ ఆఫీసులో అడిగితే ఆ ఊరు మా జిల్లా కాదన్నారు.

కొన్ని నెలలకు ఫోన్ చేశాను. "మంచిగున్నది అక్కా. శాన బుద్ధిమంతురాలైంది, ఏం అడగది, ఏడ్వనే ఏడ్వది, నేను కూలికి పోయొచ్చేదాక పెట్టిన కాడనే కూసుంటది" అని తల్లి సంబరంగా చెప్పింది. పిల్లకు ఫోనియ్యమన్నాను. ఏమన్నా కావాలా బిడ్డా అంటే "ఏమొద్దు" అంది. ఆ మాట వెనుక పెద్దమ్మా అని వస్తుందేమోనని ఆగాను, రాలేదు. చావు తప్పి లేచిన తల్లితో, నీ బిడ్డ మంచితనమే నాకు భయమని ఏ నోటితో చెప్పను? జర అలగనియ్యి చెల్లె, కోపం జేస్తే కొట్టకు అన్నాను. నేను పరాచికమాడుతున్నాననుకొని నవ్వింది. తర్వాత ఆ నంబరు పనిచెయ్యలేదు. అచ్చంపేట నుంచి వచ్చే కూలోళ్లను అడగని ఏడు లేదు, ఆచూకీ దొరకలేదు.

ఇప్పుడు కాలం మారింది. మా కోడలు మనవడికి కోపమొస్తే పక్కన కూర్చొని ఎందుకొచ్చింది నాన్నా అని అడుగుతుంది, మన కాలంలో ఎవరు అడిగారు? చూసి సంతోషిస్తాను, ఆ వెంటనే మనసు చివుక్కుమంటుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆ పిల్లకు అడగడం నేర్పడానికి మాకు ఏడాది పట్టింది, మరిచిపోవడానికి నెలలే చాలాయి. ఇప్పుడు పదో తరగతి దాటి ఉంటుంది. ఎక్కడున్నా చూసినవాళ్లంతా ఎంత మంచి పిల్లో అని మెచ్చుకుంటూనే ఉంటారు, నా దిగులంతా అదే.