రా అనాలా, రండి అనాలా

ఏడుకొండలుది మంగళగిరిలో నేతపనివారి ఇల్లు. ఆయనకు మాత్రం మగ్గం దగ్గర కాలు నిలవలేదు. కుర్రతనమంతా నాటకాలు, ఆ తర్వాత డబ్బింగ్ సినిమాలకు తెలుగు మాటలు రాయడం. మొసళ్ల సినిమాలకూ కొండచిలువల సినిమాలకూ రాసినన్నాళ్లు ఏ పేచీ రాలేదు. పాములు మాట్లాడవు కదా.

రక్తపిశాచి మాట్లాడింది. అక్కడొచ్చింది చిక్కు.

కథ వియన్నాలో నడిచే కామెడీ. పిశాచి వయసు నాలుగొందల ఏళ్లు, చూడ్డానికి పాతికేళ్ల కుర్రాడు. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటాడు, టికెట్ లేకుండా మెట్రోలో దొరికిపోతాడు. ఎవరైనా నోటితో పిలిస్తే తప్ప ఏ గడపా దాటలేడు. ప్రేమించిన పిల్ల వాణ్ని గుమ్మంలోనే నిలబెట్టి నిలబెట్టి, చివరికి ఒక్క మాట అంటుంది.

ఏడుకొండలు ‘రండి’ అని రాశాడు. స్టూడియో యజమాని తేజేశ్వర్ ‘రా’ అనాలన్నాడు. పిల్ల నోరు ఒక్కసారే తెరుచుకుంటుంది, రెండక్షరాలు పట్టవన్నాడు. అప్పటిదాకా ‘మీరు’ అన్న పిల్ల ఉన్నట్టుండి ‘రా’ అంటే ఏం బాగుంటుందని ఏడుకొండలు అడిగాడు. అయితే మొదటినుంచీ ‘నువ్వు’ అని మార్చేయమన్నాడు తేజేశ్వర్. అంతా తిరగరాసి తెచ్చాక, అంత పెద్దవయసు పిశాచికి మర్యాద ఇస్తేనే నవ్వొస్తుందన్నాడు. మళ్లీ ‘మీరు’.

ఇంట్లో గోడు చెప్పుకుంటే, భార్య వెంకటరావమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని, “గుమ్మంలో అంతసేపు నిలబెట్టడమేంటండీ, కాసిని మంచినీళ్లన్నా ఇవ్వకుండా?” అంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది.

రికార్డింగ్ ఆటోనగర్ పక్కన. పిల్లకు గొంతిచ్చే స్టెల్లా ‘రా’ అంటే బయట లారీ హారన్ మోగింది. ‘రండి’ అంటే ఆలస్యమైందన్నాడు తేజేశ్వర్. ‘వచ్చేయ్’ అయింది, ‘దయచేయండి’ కూడా అయింది. ఒక్క మాటకు పూట గడిచిపోయింది.

“మీరిద్దరూ తేల్చుకుని చెప్పండి సార్, నా గొంతు పోతోంది” అంది స్టెల్లా.

“నా వల్ల కాదమ్మా. ఆయన ఏదంటే అది అనెయ్” అని కాగితాలు అక్కడే పడేసి ఏడుకొండలు టీ కొట్టుకు వెళ్లిపోయాడు. ఏ మాట ఉంచారో మళ్లీ అడగలేదు.

సినిమా ఫోన్లలోకి వచ్చాక ఒక మధ్యాహ్నం చూశాడు. గుమ్మంలో ఆ పిల్ల మర్యాదగా “రండి” అంది. తన మాటే ఉంచారు. ప్రాణం లేచొచ్చింది. కింద కామెంట్లు చూశాడు. పిల్ల నోరు మూశాక ‘డి’ వినపడుతోందనీ, ఈ మాటలు రాసినవాడెవడనీ జనం ఏకిపారేశారు.

ఆయన సీను వెనక్కి తిప్పి, ఆ పిల్ల నోటిని చూస్తూ తానే గబగబా రండి అన్నాడు. పట్టలేదు. ఇంకా తొందరగా అన్నాడు. ఊహూఁ, పట్టలేదు. తేజేశ్వర్ చెప్పింది నిజమే. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పే ఉద్దేశం మాత్రం ఏడుకొండలుకు లేదు.