పచ్చ టిక్కుల మేస్టారు

ఆ రోజుల్లో అంటే పలకా బలపాల కాలం అనుకోకండి, మొన్నమొన్నటి మాటే. చదువంతా ఫోన్లోకి దూరిపోయి, పంతుళ్ళం మాత్రం ఎండలో వీధులు పట్టుకు తిరుగుతున్న రోజులు. విశాఖలో ఓ చిన్న కంపెనీ పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే యాప్ చేసి, దాన్ని జనం ఫోన్లలో ఎక్కించి దగ్గరుండి నేర్పే పని నాకిచ్చింది. రోజూ పాఠం పూర్తయితే ఓ పచ్చ టిక్కు. ఒక్కరోజు తప్పితే మళ్ళీ మొదటికి. నా పదిమందికీ నెలరోజులు వరసగా టిక్కులు పడితే ఉద్యోగం పర్మనెంటు. (ఇంట్లో అప్పటికే నన్ను 'మేస్టారు' అనేవారు. వెటకారమే లెండి.)

ఆ పదిమందిలో ఒకావిడ వరసకి మా అత్త. సముద్రం ఒడ్డునున్న యారాడ నుంచి వచ్చి పూర్ణా మార్కెట్లో చేపలమ్మేది. కూతురు ఎక్కడో హాస్టల్లో ఉండి నర్సింగు చదివేది. ఫోన్లో మాట్లాడితే పక్క మంచాలవాళ్ళు వింటారని తెలుగులో మెసేజీలు పెట్టేది. వాటిని మార్కెట్లో ఐసు అమ్మే, అందరూ మావా అని పిలిచే ఆయన గట్టిగా చదివి వినిపించేవాడు. "నా కూతురు నాకు రాసింది మార్కెట్టంతటికీ ఎందుకల్లుడూ? నానే సదూకోవాల. నేర్పుతావేటి?" అంది అత్త. "నెలరోజుల్లో నేర్పేస్తాను!" అన్నాను. నా నోటికి మొదట్నుంచీ అదుపు లేదు.

మొదటి వారం ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుని తుడుచుకుని తెరమీద అ, ఆ దిద్దింది. తడివేలికి ఆ తెర పలికేది కాదు. నాకేమో అవతల ఇంకా తొమ్మిదిమంది. ఓ రోజు ఓపిక చచ్చి, "ఇలా తే అత్తా, నాను నొక్కేత్తాను, నువ్వు బేరం సూసుకో" అన్నాను. టిక్కు పడింది. ఇక రోజూ అదే వరస. "మరి నాకెప్పుడొత్తాదిరా?" అని ఒకసారి అడిగింది. "పాఠాలవనీ అత్తా" అన్నాను. సిగ్గుండాలి నాకు! బీఈడీ చదివి, నెల్లాళ్ళూ అ, ఆలు నేర్చుకున్నది నేనే. (మార్కులు బాగానే వచ్చాయి.)

నెల తిరిగేసరికి నాకు ఆర్డరు, అత్తకి సర్టిఫికెట్. సభ పెట్టి, శాలువా కప్పి, "చదవండమ్మా" అని ఆ కాగితం చేతిలో పెట్టారు. అత్త దానికేసి చూసింది, నాకేసి చూసింది. "కళ్ళద్దాలు తేనేదు బాబూ" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. జన్మలో కళ్ళద్దాలు పెట్టిన మనిషి కాదు. సముద్రంలో పడవ ఎవరిదో ఒడ్డున నిలబడి చెప్పేది.

తిరుగు బస్సులో కూతురి మెసేజీ వచ్చింది. అత్త కాసేపు తెరకేసి చూసి, ఫోన్ నా చేతికిచ్చింది. "సదువు" అంది. చదివాను.

"అమ్మా, సభ ఫోటో చూశాను, నీకు చదువొచ్చిందట కదా! ఐసు మావ చదువుతాడని ఇన్నాళ్ళూ రాయలేదు. నాకిక్కడ ఏం బాగోలేదమ్మా. రోజూ ఏడుస్తున్నాను. నువ్వొక్కదానివే చదువుకో, ఎవరికీ చెప్పకు."

నేను గొంతు ఎంత తగ్గించినా ముందు సీటావిడ వెనక్కి తిరిగింది. అత్త ఫోన్ లాక్కుని కొంగులో చుట్టేసుకుంది. "నాకే రాసింది గదరా" అంది.

ఇప్పుడు ఆ కంపెనీలోనే కొత్త మేస్టర్లకి ట్రైనింగిస్తున్నాను. 'నేర్చుకునేవాళ్ళ ఫోన్ ముట్టుకోకండి' అన్నదే మొదటి పాఠం. వాళ్ళు నవ్వుతారు. ఆ పచ్చ టిక్కుల కుర్రాణ్ణి తలుచుకుని నేనూ నవ్వుతాను, కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు. ఆదివారాలు పలక పట్టుకుని యారాడ వెళ్తాను. మొన్న అత్త నా సాయం లేకుండా కూతురి పేరు రాసింది. ఫోన్ మాత్రం నా చేతికివ్వదు.