సీసాలో సల్ల

వంశాలకు కీర్తి ఊరికే రాదు. కొందరు గుడి కట్టించి తెచ్చుకుంటారు, కొందరు బడి కట్టించి తెచ్చుకుంటారు. ఇబ్రహీంపట్నంలో మంచాల దారి పక్కనున్న యాదమ్మ అత్తవారు మాత్రం తాగుడుతో తెచ్చుకున్నారు. మూడు తరాలు నిష్ఠగా నిలబెట్టుకున్న కీర్తి అది. వాళ్ల అసలు ఇంటిపేరు పట్టా పాసుపుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఊరందరికీ వాళ్లు సీసోళ్లు.

ఆ కీర్తిలో ఒక చిన్న లోపం ఉంది. ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ తాగలేదు.

యాదమ్మకు ఈ సంగతి కొత్తకోడలుగా ఉన్నప్పుడే తెలిసింది. మామ మల్లేశయ్య పొద్దున్నే ఎద్దుల వెనక తీరుగా నడిచి చేనుకు పోయేవాడు. ఎండ నడినెత్తి దాటేసరికి కాళ్లు బిగుసుకునేవి. పొద్దుగూకే వేళకు ఒక పాదం లోపలికి తిప్పుకుని, దారిలో ఉన్న ప్రతి గోడనూ పలకరిస్తూ ఇల్లు చేరేవాడు. చేతిలో కల్లు సీసా ఉండేది. తాగుబోతు ఇంటికి ఇచ్చాడని కన్నతండ్రిని మనసులో తిట్టుకుంటూ ఆమె కొంతకాలం గడిపింది. ఆ తరవాత భర్త హన్మంత్ కూడా సాయంత్రాలు కాలు ఈడ్వడం మొదలుపెట్టాడు. అతని చేతికీ ఒక సీసా వచ్చింది. శత్రువు ఎలాంటివాడో తెలుసుకుందామని, ఒకనాడు అత్త చూడకుండా యాదమ్మ ఆ సీసా ఎత్తి ఒక గుక్క తాగింది.

సల్ల. అల్లం దంచి, జీలకర్ర వేసి, కల్లు రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పలుచని మజ్జిగ.

"ఉప్పు సరిపోయిందా?" అని వెనక నుంచి అత్త యశోదమ్మ అడిగింది.

యాదమ్మ తెల్లబోయి నిలబడింది. అత్త సీసా తీసుకుని, మూతి తుడిచి, మళ్లీ అరుగు మీద నలుగురికీ కనిపించే చోట పెట్టింది. "కాళ్ల రోగమంటె మన ఇంటికి పిల్లనెవలిస్తరు బిడ్డా? తాగుతడంటె ఇస్తరు. తాగుడు మొగోని గుణం, రోగం రక్తం గుణం. మీ నాయిన ఇయ్యలేదా?"

'జర తాగుతరంట, ఎవలు తాగరు' అని ఆమె తండ్రి ఆ సంబంధం ఖాయం చేసుకున్న మాట నిజమే.

రాజనీతి శాస్త్రాలలో చోటు దొరకలేదు గానీ యశోదమ్మ ఏర్పాటు వాటిలో చేరదగ్గదే. ఆ బాధ ఇంటి ఆడపడుచులకూ వచ్చేది. ఆడవాళ్ల చేతికి సీసా ఇవ్వడం మర్యాద కాదు కనుక వాళ్లకు మోకాళ్ల నొప్పులు కేటాయించింది. హన్మంత్ చెల్లెలు నీలమ్మ ఆ నొప్పులు తీసుకునే కందుకూరు అత్తవారింటికి వెళ్లింది.

ఊళ్లో ఈ గుట్టు తెలిసినవాడు కల్లు దుకాణం కిష్టా ఒక్కడే. పేరుమోసిన తాగుబోతులు తన గడప తొక్కకపోతే కల్లమ్మేవాడికి తెలియకుండా ఉంటుందా? కానీ అతను నోరు విప్పలేదు. సీసోళ్లంతటివాళ్లు తన కల్లే తాగుతారని ఊరు అనుకోవడం దుకాణానికి గౌరవం. ఖాళీ సీసాలు అడగకుండానే పంపించేవాడు.

అత్త పోయాక సల్ల చిలికే పనీ, గుట్టు కాచే పనీ యాదమ్మవయ్యాయి. రెండూ శ్రద్ధగా చేసింది. వియ్యాలవారి ముందు మొగుణ్ణి గొంతెత్తి తిట్టడం ఆమెకు ఎంత బాగా వచ్చిందంటే, పాపం హన్మంత్ ఒక్కోసారి నిజంగా తాగానేమో అనుకుని తలవంచుకునేవాడు.

ఈలోగా పట్నం పెరుగుతూ పెరుగుతూ ఔటర్ రింగురోడ్డు దాటింది. ఎకరాల్లో మాట్లాడే ఊరు గజాల్లో మాట్లాడటం నేర్చుకుంది. జొన్న పండిన చోట ఇంజనీరింగు కాలేజీలు మొలిచాయి. యాదమ్మ కొడుకు తిరుమల్ అలాంటి ఒక కాలేజీలో బస్సు డ్రైవరయ్యాడు. నున్నగా గీసుకున్న గడ్డం, ఇస్త్రీ ఖాకీ చొక్కా. ముప్పై దాటగానే అతని సాయంత్రాలు కూడా వంకరపోయాయి.

ఒకనాడు పిల్లలను దింపి, బస్సు కాలేజీలో పెట్టి, దిగుతూ తూలాడు. చూసినవాళ్లు చూశారు, ఫోన్లో పట్టినవాళ్లు పట్టారు. మేనేజరు ఊదే మిషన్ తెచ్చి ఊదమన్నాడు. తిరుమల్ ఊదాడు. సున్నా వచ్చింది. మిషన్ చెడిపోయిందని ఇంకొకటి తెప్పించారు. అదీ సున్నాయే చూపింది. రెండు మిషన్లూ చెడిపోయాయని నిర్ధారించి, తిరుమల్ దగ్గర బస్సు తాళాలు తీసుకున్నారు. మూడు తరాల కీర్తి ముందు యంత్రం సాక్ష్యం ఎంత?

ఇంటికొచ్చిన తిరుమల్ అరుగు మీది సీసా తీసి పక్కకు పెట్టాడు. "నేను తాగలేదని చెప్తనే అమ్మా. రోగమైతె రోగమే."

"చెప్తె బస్సిస్తరా?"

"సీస పట్టుకుంటె ఇస్తరా?"

యాదమ్మకు మొదటిసారి అత్త లెక్కలో తప్పు కనిపించింది. తాగుబోతుకు పిల్లనిచ్చే లోకం బస్సు మాత్రం ఇవ్వదు. ఆ సంగతి యశోదమ్మ ఎరగదు, ఆమె కాలంలో కాలేజీ బస్సులే లేవు. రోగమని చెబుదామా, రోగికీ బస్సు ఇవ్వరు. బస్సు ఒక్కటే కాదు. పాతికేళ్లు పోతే తన కొడుకు కూడా తండ్రిలా సాయంత్రమయ్యేసరికి మంచం కోడు పట్టుకుని కూర్చుంటాడు. ఆ బొమ్మ ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కిరణ్మయి ఊళ్లోకి వచ్చింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి పట్నం శివార్లలో స్థిరపడ్డవాళ్ల అమ్మాయి. ఒక పరిశోధన సంస్థలో డాక్టరు. వంశాల్లో నడిచే జబ్బుల మూలం కనుక్కోవడానికి జనం దగ్గర రక్తం, ఆరోగ్య వివరాలు అడగడం ఆమె పని. మాట మాటకూ అండి తగిలించేది. ఇబ్రహీంపట్నంలో అప్పటిదాకా అంత మర్యాద చూపినవాళ్లు ప్లాట్ల బ్రోకర్లే. అందుచేత మొదటి అండికే జనం జాగ్రత్తపడ్డారు.

దవాఖాన వరండాలో ఆమె ఎంతో ఓపికగా చెప్పింది. "మీ రక్తం నమూనా, మీ ఆరోగ్యం డేటా పరిశోధనకు దానం చేయండి."

"డేటా మాకే సాల్తలేదు మేడం," అన్నాడొకాయన. "పగటీలికే అయిపోతది."

"రక్తం ఎంతన్న తీస్కో," అన్నాడు ఇంకొకాయన ఉదారంగా, చొక్కా చేయి మడుస్తూ. "ఏలిముద్ర మాత్రం ఎయ్య."

అతన్ని తప్పుపట్టలేం. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల వేలిముద్ర వేసినవాడి కింద నేల నిలవలేదు. పైకి చెప్పని కారణం ఇంకొకటి ఉంది. గుట్టుగా దాచుకునే సల్ల సీసా ప్రతి ఇంటికీ ఒకటి ఉంటుంది, సల్ల ఒక్కటే వేరు.

వరండాలో ఒక్క చుక్క దొరకక, కిరణ్మయి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. గొంతు ఎండిపోయి సీసోళ్ల అరుగు దగ్గర ఆగింది. యాదమ్మ ఇంట్లో నుంచి చాయ గిలాసలు పట్టుకుని గడపలోకి వచ్చేసరికే ఆలస్యమైంది. అరుగు మీద కూర్చున్న హన్మంత్ స్వతహాగా మర్యాదస్తుడు. ఎండన పడి వచ్చిన ఆడపిల్లను చూసి, మూడు తరాల వ్రతం మరిచిపోయి, "జర సల్ల తాగు బిడ్డ" అని సీసా చేతికిచ్చాడు. ఇద్దరు సర్పంచులకూ, లెక్కలేనంతమంది వియ్యంకులకూ దొరకని రహస్యాన్ని ఆ పిల్ల గటగటా తాగేసింది.

యాదమ్మ మొగుడి వంక చూసింది. అతను సీసా వంక చూశాడు. ఇక యాదమ్మకు మిగిలిన మాట ఒక్కటే.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందండి. చాలా బాగుంది," అని కిరణ్మయి మూతి తుడుచుకుని, సీసా తిప్పి చూసింది. "ఇది కల్లు సీసా కదండీ?"

యాదమ్మ గిలాసలు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చుంది. మా ఇంటి గుట్టు ఎట్లాగూ నీ కడుపులో పడ్డది, మిగిలింది కూడా విను అన్నట్టు మొదలుపెట్టి, మామ దగ్గర నుంచి కొడుకు దాకా చెప్పుకొచ్చింది. పరాయి మనిషికి చెప్పడం అదే మొదలు.

"పొద్దున బాగానే నడుస్తారాండి?" అని కిరణ్మయి మధ్యలో ఆపి అడిగింది.

"లేవంగనే లగ్గం పిలగాని లెక్క నడుస్తడు. పొద్దు వంగుతుంటె ఈయన గూడ వంగుతడు. పగటీలి జర కన్నంటుకుంటె మల్ల తేటైతడు."

కిరణ్మయి ఆ మాటలు పుస్తకంలో రాసుకుంది. తరవాత నెమ్మదిగా చెప్పింది. "మీ వంశంలో అందరి రక్తమూ కావాలమ్మా, బాగున్నవాళ్లదీ, బాగాలేనివాళ్లదీ. మందు దొరుకుతుందని మాటివ్వలేను. ఏమీ తేలకపోవచ్చు కూడానండి. మీ పేర్లు మాత్రం ఎక్కడా బయటికి రావు, నంబర్లే ఉంటాయి. ఎప్పుడు వద్దనుకున్నా మానుకోవచ్చు."

తేలకపోవచ్చు అన్న మాటే యాదమ్మకు నచ్చింది. ఆ ఊరికి ఏదో ఒకటి ఇస్తామనకుండా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

యాదమ్మ చుట్టాలను పిలిపించింది. వాళ్ల తరఫున ఆడపడుచు నీలమ్మ అందుకుంది. కూతురు ఉజ్వలకు సంబంధాలు చూస్తున్న తల్లి, ఆ భయం ఆమె గొంతులో ఉంది.

"నీకు మతి వోయిందా వదినె? గిన్నేండ్లు దాసింది పట్నం తీస్కవోయి మిషన్ల పెడ్తవా? నా బిడ్డనెవలు చేస్కుంటరు?"

"పేర్లుండయంట. నంబర్లే."

"మనుషులకు నంబర్లేంది? మనమేమన్న ప్లాట్లమా?"

"ప్లాటంటె యాదికొచ్చింది," అంది యాదమ్మ. "మొన్న తుక్కుగూడ కాడ మీరు ఇన్నూరు గజాలు కొన్నరు గదా. ఊకెనే కొన్నరా?"

"ఊకెనెట్ల కొంటం? ముప్పై ఏండ్ల లింకు డాక్యుమెంట్లు సూసినం. తాత అమ్మిన కాయిదం గూడ తీయించినం."

"మన్నుకు తాతల కాలం దాక సూస్తరు. నీ బిడ్డ కాళ్లకు మాత్రం సల్ల సీస సూపెడ్తరు."

ఎవరో నవ్వారు. నీలమ్మకు మండింది. ఇలాంటి ఇంట్లో ఒక్క క్షణం ఉండనని లేవబోయింది. అప్పటికి పొద్దుగూకింది. కాళ్లు లేవలేదు. రెండోసారి ప్రయత్నించింది. గోడ పట్టుకుంది, గోడ కూడా సాయం చేయలేదు.

"మోకాళ్ల నొప్పులా?" అని యాదమ్మ మెల్లగా అడిగి, వచ్చి పక్కన కూర్చుని భుజం ఆనించింది.

నీలమ్మ చాలాసేపు కొంగు అంచు నలిపింది. "సూది పెద్దదుంటదా వదినె?" అంది.

రక్తం తీసిన రోజు ఒప్పుదల కాగితం చుట్టాలందరూ తలా ఒకసారి చదివారు. అందులో ఎక్కడా సర్వే నంబరు లేదని తేలాకే చేతులు చాపారు. ఉజ్వల తనే ముందు కూర్చుంది.

ఎండలు పోయి, వానలు కూడా వెనకబట్టాక కిరణ్మయి మళ్లీ వచ్చింది. ఈసారి అరుగు దాకా దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"దొరికిందండి. కాళ్లూ చేతులూ చెప్పినమాట వినడానికి ఒంట్లో ఒక సరుకు తయారవుతుంది. మీ ఇంటి రక్తంలో ఒక చిన్న తప్పు వల్ల అది తక్కువ తయారవుతోంది. పొద్దున ఉన్నది సాయంత్రానికి అయిపోతుంది. రాత్రి నిద్రపోతే మళ్లీ కొంత చేరుతుంది."

యాదమ్మ కాస్త ఆలోచించింది. "అంటె ఫోన్ల డేటా లెక్క. పగటీలికే ఒడుస్తది, పొద్దుగాల మల్ల వస్తది."

కిరణ్మయి ఇన్నేళ్ల చదువులో ఇంత బాగా ఎవరూ చెప్పలేదన్నట్టు చూసింది. "అంతేనండి."

"మరి రీఛార్జి ఉన్నదా?"

"ఉందండి. చిన్న మాత్ర. పాత మందే, ఈ జబ్బుకు బాగా పనిచేస్తుంది. పెద్ద దవాఖాన డాక్టర్లు చూసి ఇస్తారు."

మూడు తరాల సల్ల ఒక గోరంత మాత్ర ముందు ఓడిపోయింది. తిరుమల్ వారం తిరక్కుండానే సాయంత్రం పూట తిన్నగా నడిచాడు. డాక్టర్లు నెలల తరబడి చూసి బండి నడపవచ్చని రాసిచ్చారు. మేనేజరు కాలేజీ ఆవరణలో సాయంత్రం అతన్ని ఆ కొస నుంచి ఈ కొసకు నడిపించి చూసి, తాళాలు చేతిలో పెట్టి, ఆ రెండు మిషన్లూ మంచివేనని ఒప్పుకున్నాడు. ఉజ్వలను చూడవచ్చిన వాళ్లకు నీలమ్మ ముందే అంతా చెప్పింది. వాళ్లు జబ్బు గురించి రెండు ప్రశ్నలు వేసి, తాగని మేనమామ గురించి మాత్రం నమ్మకం కుదరక గుచ్చి గుచ్చి అడిగారట.

కానీ ఊరు గుర్తుంచుకున్నది హన్మంత్ నడకను. దీపాలు పెట్టే వేళ, తెల్లచొక్కా వేసుకుని, యాదమ్మ పక్కన నడుస్తుండగా, అతను ఇంటి నుంచి బస్టాండు దాకా రోడ్డు మధ్యన పోయాడు. ఒక్క గోడనూ పలకరించలేదు. చాయ దుకాణం ముందు గిలాసలు గాలిలో ఆగిపోయాయి. అలవాటు కొద్దీ చేతిలో సీసా మాత్రం ఉంది.

"ఏందక్కా, ఇయ్యాల పటేలుకు కల్లు ఎక్కలేదా?" అని హన్మంత్‌ను చూపిస్తూ ఎవరో అన్నారు.

యాదమ్మ ఆగింది. భర్త చేతిలో సీసా తీసుకుని అన్నవాడికి ఇచ్చింది. "తాగి చెప్పు."

వాడు తాగి, నోరు చప్పరించి, బిత్తరపోయాడు. "సల్ల."

"మా మామ కాలం సంది గదే. ఈ ఇంట్ల ఒక్కలు తాగలే. కాళ్ల రోగముండె, సిగ్గువడి దాసినం. రక్తమిచ్చినం, మందు దొరికింది. ఇగ దాసేదేం లేదు."

కల్లు దుకాణం ముందు నుంచి కిష్టా నాలుగడుగులు ముందుకొచ్చాడు. న్యాయస్థానంలో నిలబడ్డవాడిలా గొంతు సవరించుకున్నాడు. "అవ్. నా దుకాణంల ఈ పటేలు ఒక్క సీస కొనలే. నేను సాక్ష్యం."

"మరి గిన్నేండ్లు చెప్పకపోతివి?"

"నా దుకాణం పేరేం గావాలె?"

ఆ తరవాత పెట్టిన శిబిరానికి దవాఖాన వరండా చాలలేదు. యాదమ్మ ముందు వరసలో కూర్చుని, వేలిముద్రకు జంకిన ప్రతివాడినీ "సర్వే నంబరు ఉన్నదేమో సూస్కో, లేకుంటె ఎయ్యి" అని గదమాయించింది. ఇంటిపేరు మాత్రం మారలేదు. ఇప్పటికీ వాళ్లు సీసోళ్లే, కాకపోతే ఊరు ఆ మాట కొంచెం గర్వంగా అంటుంది.

హన్మంత్ రోడ్డు మధ్యన నడిచిన ఆ సాయంత్రం కిష్టా అంతటితో వదల్లేదు. వంశంలో మొదటిసారిగా హన్మంత్‌ను దుకాణం లోపలికి పిలిచి, బల్ల మీద తువ్వాల పరిచి, అప్పుడే దించిన తాటికల్లు ఒక గిలాసలో పోసి గౌరవంగా అందించాడు. ఒక్క గుక్క తాగితే ఏమీ కాదని చుట్టూ ఉన్నవాళ్లు హామీ ఇచ్చారు. హన్మంత్ యాదమ్మ వంక చూశాడు. ఆమె తల ఊపింది. అందరూ చూస్తుండగా, ఊళ్లోకెల్లా పేరుమోసిన ఆ తాగుబోతు జీవితంలో మొదటి గుక్క కల్లు తాగి, కాసేపు నోట్లో ఉంచుకుని, మింగి, భార్య వైపు తిరిగాడు.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు.