నీరుగొండ అనురాధ

అనురాధ ఏ కాగితం మీదైనా ముందు ఇంటిపేరు రాసి, కాస్త ఆగి, తర్వాతే తన పేరు రాస్తుంది. ఇబ్రహీంపట్నంలో చేపల పచ్చడి పెట్టి అమ్మే ఆమె, తన వెబ్‌సైటుకూ ఆ ఇంటిపేరే పెట్టుకుంది. ఆ పేరు ఖాళీగా ఉందని కంప్యూటర్ చూపింది. ట్రేడ్‌మార్కు ఎవరికైనా ఉందేమో వెతకాలని తట్టలేదు, ఇంటిపేరుకు ఎవరినడగాలి? ఇవాళ పోస్ట్‌మ్యాన్ సంచిలో పెన్ను వెతుక్కునేలోపే, అతడు తెచ్చిన కవరును కారం చేతులతో విప్పింది. పచ్చళ్ల మీద నీరుగొండ పేరు తమదని, వారంలో వెబ్‌సైటు తీసెయ్యాలని ఏదో కంపెనీ నోటీసు.

"మా మామ పేరు ముందల ఉన్నది గూడ వాళ్లదేనా, అన్నా?"

"నాకేం ఎర్క చెల్లే? ముట్టినట్టు జర సంతకం పెట్టు."

పెన్ను కాగితానికి ఆనించింది. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది.

"ఇంటిపేరు రాస్తే ఏమన్న అంటరా, అన్నా?"