తలుపు కొట్టని ఊరు

నేను ఎనిమిదో తరగతి ఫెయిలయ్యానని అందరూ అంటారు. అబద్ధం. పరీక్షకు పోతే కదా ఫెయిలయ్యేది. ఆ తర్వాత ఇరవై ఏళ్లు సిద్దిపేట సందుల్లో ఆటోలో మైకు పట్టుకుని చీరల సేళ్లు, ఎగ్జిబిషన్లు, కొత్త దవాఖానలు చాటుతూ బతికాను. ఇప్పుడు ఆ పని పెన్‌డ్రైవ్ చేస్తోంది. దానికి చాయ్ తాగించనక్కర్లేదు, అది సేటు మీద జోకులు వేయదు.

అందుకే మా గల్లీలో ఇంజినీరింగ్ చదివిన తమ్ముడొకడు, తాను తయారుచేస్తున్న ఫోన్ గేమ్‌కు మాటలు రాయమన్నప్పుడు ఎగిరి గంతేశాను. ఆ ఆటలో ఇక్కడి పిల్లవాడొకడు చదువుకోడానికి విదేశీ నగరానికి పోతాడు. తెర మీద బొమ్మ, కింద మాటలు. ఆడేవాడు రెండు జవాబుల్లో ఒకటి నొక్కితే కథ అటు తిరుగుతుంది. కాల్చడాలు, దూకడాలు లేవు. ఉన్నదంతా మాటలే. బడి మానేసినవాడు కాలేజీ కథ రాయడమేంటని మా ఆవిడ నవ్వింది. నా లెక్క నాది: ఇది నడిస్తే మళ్లీ నోటి మీద బతకొచ్చు, లేదంటే రైస్ మిల్లులో బస్తాలు మోయాలి.

రెండు నెలలు రాశాను. ఆ నగరం ఎలా ఉంటుందో తెలియకపోతేనేం, మనుషులు తెలుసు కదా అనుకున్నాను. బస్సు డ్రైవర్ చేత ఏ ఊరు, ఎవరి కొడుకువు అని అడిగించాను. ఇంటి ఓనరమ్మ చేత మీ నాయిన జీతమెంత అని అడిగించాను. మొదటి సాయంత్రమే పక్క గది ముసలాయన తలుపు కొట్టి, పాలు తోడు వేయడానికి కొంచెం పెరుగుందా అంటాడు. ‘లేదు’ నొక్కితే లోపలికొచ్చి కూర్చుంటాడు. ‘ఉంది’ నొక్కినా కూర్చుంటాడు.

తమ్ముడి అక్క అలాంటి నగరంలోనే రెండేళ్లుండి ఈ మధ్యే తిరిగొచ్చింది. చదువు పూర్తయిందా అని గల్లీలో ఎవరూ అడగలేదు, మొహం చూస్తే తెలుస్తుంది. నా రాతంతా ఆమె చేత చదివించాడు. ఆమె నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. నేను కాలర్ ఎగరేశాను. ఆమె తుడుచుకోవడం మాత్రం చాలాసేపు ఆగలేదు.

“మస్తున్నదన్నా,” అంది చివరికి. “గని గాడ గిట్లుండది. రెండేండ్లల్ల నా తలుపు ఒక్కసారే కొట్టిన్రు. పక్క రూమోళ్ల పార్శిల్ నాకిచ్చి పోయిన్రు.”

ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు తమ్ముడు. రాయడమంటే కొట్టేయడమే. ముందు డ్రైవర్ నోరు మూశాను. తర్వాత ఓనరమ్మ మనిషి కాకుండా పోయి ఈమెయిల్ అయింది. లెక్చరర్ నోట్లో మా లెక్కల సారు తిట్లు పెట్టాను, అవీ పోయాయి. అక్కడ తిట్టాలన్నా ముందు మన పేరు తెలిసుండాలట. వారం వారం నా ఫైలు సన్నబడింది, ఆట బాగుపడింది. నా ఖర్మ, నిజంగానే బాగుపడింది.

చివరికి ముసలాయన ఒక్కడే మిగిలాడు. ఆయన జోలికి మాత్రం రావద్దని, జీవితంలో మొదటిసారి జోకు లేకుండా బతిమాలాను. ఒక్క మనిషి తలుపు కొడితే మీ ఆట కూలిపోతుందా అన్నాను. తమ్ముడు మెత్తబడ్డాడు. ఆమె మాత్రం ఆట తెరిచిన ఫోన్ నా చేతిలో పెట్టింది.

“గిది ఆడి గాడికి పోయే పోరగాండ్లు తలుపు దిక్కు చూసుకుంట కూసుంటరన్నా. నేను కూసున్న.”

ఈసారి నొక్కడానికి రెండు జవాబుల్లేవు, ఒక్కటే ఉంది. ముసలాయన్ని నా చేత్తోనే కొట్టేశాను.

ఇప్పుడు అక్కడ ఒక గది, మూసిన తలుపు, బయట వాన చప్పుడు. ఆడేవాడు ఎన్నిసార్లు నొక్కినా బొమ్మ మారదు. ఎట్లున్నదన్నా అని తమ్ముడు అడిగితే చాలా బాగుందన్నాను. అబద్ధం కాదు. ఇక మాటల పని పెద్దగా లేదని, ఉంటే ఫోన్ చేస్తానని అన్నాడు, మర్యాదస్తుడు. సోమవారం నుంచి మిల్లుకు పోతున్నాను. మిషన్ల మోతలో అక్కడ అన్నీ చేతి సైగలే.