పెనం దగ్గర నూకరాజు చోటు

రావికమతం పక్క పల్లెలో బెల్లం వండే వాళ్లలో నూకరాజు ఒకడు. గానుగ ఆడి, చెరకు రసం పెనంలో మరిగి, పాకం సరిగ్గా ముదిరిన క్షణాన పెనం దించాలి. దించడం నలుగురి పని. పెనం కడియాల్లోంచి రెండు వాసాలు దూర్చి, "తల్లీ నూకాలమ్మా!" అని నలుగురూ ఒక్క ఊపున ఎత్తి, పక్కనున్న తొట్టిలోకి ఒంపుతారు. ఒక్కడి నడుం తూలిందా, సలసల కాగే పాకం మిగతా ముగ్గురి కాళ్ల మీదే పడుతుంది. అందుకని అక్కడ ఎవరి మూల వాళ్లదే, తండ్రి తరవాత కొడుకుది. తూర్పు మూల నూకరాజుది.

కార్తీకం వెళ్లిన కొత్తలో పొయ్యిలోకి పిప్పి మోపు ఎత్తబోయిన నూకరాజు, సగం వంగినవాడు సగంలోనే ఉండిపోయాడు. నడుంలో ఎవరో కత్తి దించి తిప్పినట్టయింది.

అతని బావమరిది ధనరాజ్‌ది అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. కబురు అందగానే పరిగెత్తుకొచ్చాడు. మనసు వెన్న, తొందర మాత్రం పిడుగు.

"డాక్టర్లు నొక్కి సూత్తే ఏటి తెలుత్తాది బావా? ఎమ్మారై తీయించేద్దాం. మిషన్ అబద్ధం ఆడదు" అని, తెలిసినవాళ్ల చేత చీటీ రాయించి, స్కాన్ సెంటరుకి తీసుకెళ్లాడు. ఆటో నడిపినాయన ప్రతి గొయ్యి దగ్గరా బండి ఆపి, "మెల్లగా దాటిత్తాను బాబూ, ఊపిరి బిగబట్టు" అంటూ తీసుకెళ్లాడు. అలాంటి మనుషులుండబట్టే లోకం నడుస్తోంది.

రిపోర్టు ధనరాజే చదివాడు. డిస్కు ఉబ్బిందట, నరానికి తగులుతోందట.

"ఆపరేషనే బావా. అందాకా కదిలేవంటే కాళ్లు పడిపోతాయి."

ఆ మాటతో నూకరాజు మంచం ఎక్కాడు. వచ్చినవాళ్లంతా ఫిల్ము ఎండకి పట్టి చూసేవారు. "ఇదేటి, ఈ పూస నల్లగుంది?" అని ఒకరు, "అయ్యో, అరిగిపోనాదర్రా!" అని ఇంకొకరు. ఎవరు ఏ పూస చూపిస్తే ఆ రాత్రి అతనికి ఆ చోటే సలిపేది. భార్య కుమారి ఆ ఫిల్ముని అమ్మవారి పటం ముందు పెట్టి, డిస్కు ఉబ్బిన చోట కుంకుమ బొట్టు పెట్టింది. అమ్మకి ఏ పూసో తెలియాలి కదా!

గానుగ తోటివాడు త్రినాధరావు సాయంత్రమయ్యేసరికి ఆకులో వేడి పాకం పట్టుకొచ్చేవాడు.

"నీ మూల నాను పట్టుకుంటన్నాను. నా మూలకి కూలోణ్ణి పెట్టేం. నీది నీదే బావా, వచ్చి పట్టుకో."

"ఇంకేటి పట్టుకుంతాను? నా నడుం తూలి మీ కాళ్లు కాలిపోతే ఏ మొకం పెట్టుకుని బతకను?"

అది విన్న కుమారి చేట కింద పెట్టి లేచింది. "ఫొటో సూసినోళ్లు ఊరంతా ఉన్నారు. నీ నడుం మీద సెయ్యేసి సూసినోళ్లు ఒక్కలున్నారేటి? పద మావా!"

అనకాపల్లిలో ధనరాజ్ కూడా అక్కాబావల వెంట వచ్చాడు. డాక్టర్ రాజశ్రీ ఫిల్ము పక్కన పెట్టించారు. ముందు మనిషిని చూశారు. పడుకోబెట్టి కాళ్లు ఒక్కొక్కటీ ఎత్తారు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు, మునివేళ్ల మీదా మడమల మీదా నడిపించారు. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, మూత్రం పట్టు తప్పుతోందా, జ్వరం గానీ బరువు తగ్గడం గానీ ఉందా అని అడిగారు. అవేవీ లేవు. అప్పుడు ఫిల్ము చూసి నవ్వారు.

"బొట్టు ఎవరు పెట్టారమ్మా?"

కుమారి తల దించుకుంది.

"మంచిదే. కానీ ఈ ఉబ్బు ఏ నొప్పీ లేనివాళ్లకీ కనిపిస్తుంది. ఇదిగో, మీ తమ్ముడికి తీసినా ఏదో ఒకటి దొరుకుతుంది."

ధనరాజ్ చెయ్యి తెలియకుండానే తన నడుం మీదకి పోయింది.

"నేనడిగినవాటిలో ఏదన్నా ఉంటే స్కాన్ నేనే రాసేదాన్ని. కాలు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే పరిగెత్తుకు రండి. ఇప్పటికి మాత్రం మీ కాళ్లలో బలం ఉంది, నరం బాగా పనిచేస్తోంది. ఆపరేషన్ అక్కర్లేదు. మంచమే మిమ్మల్ని పాడుచేస్తోంది. నడవండి."

"పెనం ఎత్తొచ్చా అమ్మా?"

"ఇప్పుడే వద్దు. నడక, నేను చూపించే కసరత్తులు, ఆ తరవాత చిన్న బరువులు. మెల్లమెల్లగా ఎత్తుతారు."

మొదట్లో గడప దాటితేనే చెమట పట్టేది. కుమారి పక్కనే నడిచేది. కొన్నాళ్లకు చెరకు గట్టు దాకా, ఆపైన గానుగ దాకా వెళ్లాడు. నొప్పి వచ్చేది, పోయేది. వచ్చినప్పుడల్లా, "నరం బాగుంది అన్నాదమ్మ" అని తనకి తనే చెప్పుకునేవాడు. నీళ్ల బిందెతో మొదలుపెట్టి పిప్పి మోపు దాకా వచ్చాడు. మాఘమాసంలో మళ్లీ డాక్టరమ్మకి చూపించుకుంటే, ఆవిడ వంచి లేపి, "ఇక ఎత్తండి" అన్నారు.

మర్నాడు పొద్దున్న పాకం ముదిరింది. త్రినాధరావు తూర్పు మూల వదిలి తన మూలకి జరిగాడు. నూకరాజు మోకాళ్లు వంచి, వాసం పట్టుకుని, ఊపిరి పీల్చాడు.

"తల్లీ నూకాలమ్మా!"

పెనం లేచింది. నడుం నిలబడింది. బంగారు రంగు పాకం చుక్కైనా బయట పడకుండా తొట్టిలోకి జారింది. అందరూ వాసాలు దించబోతుంటే నూకరాజు మాత్రం తన కొసని ఇంకా ఎత్తే ఉంచాడు. మొహమంతా నవ్వే.

"పెనం కాలీ అయిపోనాది, దించు బావా!" అని త్రినాధరావు అరిచాడు.

"సూసేం లే మావా, దించు!" అంది కుమారి, కళ్లు తుడుచుకుంటూ.

"ఉండండెహె" అన్నాడు నూకరాజు.